డిజైనర్ నుంచి డెవలపర్‌కి హ్యాండాఫ్: తరచుగా అడిగే ప్రశ్నలు

హ్యాండాఫ్ అంటే డిజైనర్ గీసిన స్క్రీన్లను కోడ్ రాసే డెవలపర్‌కి అప్పగించడం. నేను వైజాగ్ మధురవాడలో ఒక చిన్న ప్రోడక్ట్ టీమ్‌లో పనిచేస్తున్నాను. మొదట ఆరేళ్లు ఫ్రంటెండ్ (యూజర్‌కి కనిపించే భాగం) కోడ్ రాశాను, తర్వాత డిజైన్ వైపు వచ్చాను. రుషికొండ ఐటీ హిల్స్ మీద పనిచేసే స్నేహితులు, సిరిపురం, ద్వారకానగర్ ఆఫీసుల్లో కొత్తగా చేరిన పిల్లలు ఎప్పుడు కలిసినా అడిగేవి దాదాపు ఇవే. విడివిడిగా చెప్పేకంటే ఒకచోట రాసిపెడితే నలుగురికీ పనికొస్తుందనిపించింది.

హ్యాండాఫ్ అంటే ఫిగ్మా (డిజైన్లు గీసే టూల్) లింక్ పంపడమే కదా?

కాదండీ. లింక్ పంపడం అందులో ఒక భాగం, అదీ చిన్న భాగం.

మా నాన్నగారు స్టీల్ ప్లాంట్‌లో చేసేవారు. బి షిఫ్ట్ రాత్రి పదింటికి అయిపోతుంది. కానీ పది కొట్టగానే ఆయన బస్సెక్కేవారు కాదు. సి షిఫ్ట్‌కి వచ్చిన మనిషిని పక్కన నిలబెట్టుకుని, లాగ్‌బుక్ చూపించి, ఏ మోటారు వేడెక్కుతోందో, ఏ మీటరును నమ్మడానికి లేదో నోటితో చెప్పాకే బయల్దేరేవారు. అన్నీ బుక్కులో రాసే ఉండేవి. అయినా చెప్పేవారు. ఏం జరిగిందో బుక్కు చెబుతుంది గానీ, దేనికి భయపడాలో మనిషే చెప్పాలి అనేవారు.

డిజైన్ ఫైలు కూడా లాగ్‌బుక్ లాంటిదే. బటన్ ఎత్తెంత, రంగేమిటి అన్నీ అందులో ఉంటాయి. ఆ బటన్‌ని స్క్రీన్ అడుగున ఎందుకు పెట్టామో ఉండదు. సిటీ బస్సులో ఒక చేత్తో రాడ్ పట్టుకుని నిలబడ్డవాళ్లకి రెండో చేతి బొటనవేలు అందాలని పెట్టాం. ఈ సంగతి తెలియని డెవలపర్, కీబోర్డ్ తెరుచుకున్నప్పుడు బటన్ దాని వెనక్కి పోయినా గమనించకపోవచ్చు. తెలిసిన డెవలపర్ మీరు అడక్కుండానే దాన్ని పైకి జరుపుతారు. హ్యాండాఫ్‌లో నిజంగా చేతులు మారాల్సింది ఆ కారణం.

డెవలపర్‌ని ఎప్పుడు పిలవాలి? డిజైన్ అప్రూవ్ అయ్యాకా?

అప్పటికే ఆలస్యం. కాగితం మీద పెన్సిల్ గీతలుగా ఉన్నప్పుడే పిలవండి.

మేము ఒకసారి "మీకు దగ్గర్లోని సెంటర్లు" అని ఒక లిస్ట్ డిజైన్ చేశాం. ప్రతి సెంటర్ పక్కన ఎన్ని కిలోమీటర్లో చూపించాం, దగ్గరివి పైన. రెండు వారాలు చెక్కాం, క్లయింట్‌కి కూడా నచ్చింది. డెవలపర్ చూసి ఒక్కటే అడిగాడు: "అక్కా, ఈ దూరం ఎక్కడ్నుంచి తేవాలి?" వాళ్ల డేటాబేస్‌లో అడ్రసులే ఉన్నాయి, మ్యాప్ మీద స్థానం చెప్పే అంకెలు లేవు. ఆ అడ్రసులు కూడా "రామాలయం ఎదురుగా", "పాత పోస్టాఫీసు సందు" తరహావి. చివరికి గాజువాక, పెందుర్తి, ఎంవీపీ కాలనీ అని ఏరియాలవారీగా లిస్ట్ ఇచ్చాం. ఆ ప్రశ్న మొదటి రోజే అడిగి ఉంటే పోయింది పదిహేను నిమిషాలు. మాకు పోయింది రెండు వారాలు, దానికి తోడు నచ్చిన డిజైన్ వెనక్కి తీసుకుంటున్నామని క్లయింట్‌కి చెప్పుకోవాల్సిన ఇబ్బంది.

ఒక స్క్రీన్ "రెడీ" అని ఎప్పుడు అనాలి?

నన్నడిగితే ఈ మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే.

డిజైన్ ఫైల్లో ప్రతిరోజూ పండగే. యూజర్ పేరు "రవి". లిస్ట్‌లో సరిగ్గా నాలుగు ఆర్డర్లు. ఫోటోలన్నీ ఒకే సైజు. సిగ్నల్ ఎప్పుడూ ఫుల్లు. బయట లోకం అలా ఉండదు. మన ఉత్తరాంధ్రలో వెంకట లక్ష్మీ నరసింహ అప్పలరాజు అనే పేరు మామూలు పేరే. ఆ పేరు కార్డులో రెండో లైనుకి వెళ్లాలా, మధ్యలో చుక్కలతో తెగాలా అన్నది డిజైనర్ చెప్పకపోతే డెవలపర్ తనకు తోచింది చేస్తారు. తర్వాత దాన్ని తప్పంటే బాధపడతారు, న్యాయంగానే.

అందుకే మా దగ్గర ఒక స్క్రీన్ రెడీ అనాలంటే దాని పక్కనే ఇంకొన్ని ఉండాలి. ఏమీ లేనప్పుడు ఎలా కనిపిస్తుంది, లోడ్ అవుతున్నప్పుడు ఎలా, తప్పు జరిగితే ఏ మాటలతో చెబుతాం, రెండు వందల ఐటమ్స్ ఉంటే ఏమవుతుంది, లొకేషన్ పర్మిషన్ ఇవ్వనంటే ఏం చూపిస్తాం. నెట్ పోయినప్పటి సంగతి అడగక్కర్లేదు. వైజాగ్ నుంచి అరకు రైల్లో ఒకసారి మీ యాప్ వాడి చూడండి. వరసగా సొరంగాలు వస్తాయి, సిగ్నల్ పోతూ వస్తూ ఉంటుంది. సగం నింపిన ఫారం ఒక సొరంగంలో ఖాళీ అయిపోతే ఆ మనిషికి మీ యాప్ మీద ఇంక నమ్మకం ఉండదు.

డబ్బు కట్టే స్క్రీన్ ఇంకా సున్నితం. చాలా డిజైన్లలో రెండే ఉంటాయి: పేమెంట్ సక్సెస్ అని పచ్చటి టిక్కు, ఫెయిల్ అని ఎర్రటి గుర్తు. యూపీఐలో మూడోది ఉంది, పెండింగ్. బ్యాంకు ఖాతాలో డబ్బు కట్ అయింది, మన సర్వర్‌కి ఖరారు ఇంకా రాలేదు. ఆ నిమిషంలో ఆ మనిషి టెన్షన్ ఊహించండి. స్క్రీన్ మీద చక్రం తిరుగుతూనే ఉంటే ఏం చేస్తారు? వెనక్కి వెళ్లి మళ్లీ కడతారు. ఈ మూడో స్క్రీన్ గీసి ఇవ్వాల్సింది డిజైనరే. డబ్బు ఎక్కడికీ పోలేదని, మళ్లీ కట్టొద్దని రెండు వాక్యాల్లో చెప్పాలి. రిఫరెన్స్ నెంబరు కనబడాలి, కాపీ చేసుకునే వీలుండాలి. ఎంతసేపట్లో ఖరారవుతుందో డెవలపర్‌ని అడిగి అక్కడే రాయాలి. ఒక బటన్‌ని రెండుసార్లు నొక్కితే ఏమవ్వాలో కూడా ఇక్కడే తేల్చుకోండి.

ఫిగ్మాలో డెవ్ మోడ్ ఉంది. అన్ని కొలతలూ అదే చూపిస్తుంది. ఇంకా మాట్లాడుకోవడం ఎందుకు?

డెవ్ మోడ్ 2023 జూన్‌లో వచ్చింది. మంచి పనిముట్టు, కాదనను. అంతకుముందు కొలతల కోసం జెప్లిన్ అనే టూల్ వాడాం, దానికంటే ముందు ఫోటోషాప్ ఫైల్లో ఎర్రగీతలు గీసి చేత్తో కొలతలు రాసిన రోజులున్నాయి. ఆ చాకిరీ తప్పింది.

కానీ డెవ్ మోడ్ చూపించేది ఫైల్లో ఉన్నదాన్నే. డిజైనర్ ఆటో లేఅవుట్ (ఖాళీలను తానే సర్దే ఫిగ్మా సౌకర్యం) వాడకుండా డబ్బాలను చేత్తో జరిపి పెడితే, 17, 23, 31 లాంటి అంకెలే డెవలపర్‌కి కనిపిస్తాయి. అవి కావాలని పెట్టినవో, చెయ్యి జారి పడినవో టూల్ చెప్పలేదు. ఆటో లేఅవుట్ 2019 నుంచి ఉంది. దాన్ని వాడితే ఏది సాగాలి, ఏది కదలకుండా ఉండాలి అన్నది ఫైలే కొంతవరకు చెప్పేస్తుంది. ఇంకొక మాట, అక్కడ కనిపించే సీఎస్ఎస్‌ని (వెబ్ పేజీ రూపాన్ని చెప్పే కోడ్) అలాగే కాపీ చేసి పేస్ట్ చేయడం మీ కోడ్‌కి మంచిది కాదు. అంకెలు చూడండి, కోడ్ మీరే రాయండి.

తెలుగులో కూడా ఉండే యాప్ చేస్తున్నాం. ప్రత్యేకంగా ఏం చూసుకోవాలి?

చాలా ఉన్నాయి. ఇంగ్లిష్‌లో డిజైన్ చేసి, చివర్లో తెలుగు పోసేసే అలవాటుతోనే ఎక్కువ దెబ్బతింటున్నాం.

మా అనుభవం ఒకటి చెబుతాను. ఒక క్లినిక్ కోసం రిజిస్ట్రేషన్ ఫారం చేశాం. లింగం అనే చోట రెండు ఆప్షన్లు ఒక చిన్న డబ్బాలో వస్తాయి. ఇంగ్లిష్‌లో చక్కగా ఉంది. తెలుగు పెట్టి ఇచ్చిన మూడో రోజు రిసెప్షన్‌లో కూర్చునే పెద్దావిడ ఫోన్ చేసి అడిగారు: "బాబూ, ఈ 'సీ' ఏంటి?" మాకు అర్థం కాలేదు. ఆటోలో క్లినిక్‌కి వెళ్లి చూశాం. స్త్రీ అనే అక్షరంలో పైన గుడి దీర్ఘం బాగానే ఉంది, కింద త ఒత్తు, ర ఒత్తు లైను ఎత్తు చాలక కత్తిరించినట్టు పోయాయి. మిగిలింది సీ. రోజంతా ఆడవాళ్లు ఆ డబ్బా ముందు ఆగి ఆలోచించి ఉంటారు. నాకు ఇప్పటికీ ఆ మాట తలచుకుంటే సిగ్గేస్తుంది, ఎందుకంటే డిజైన్ నాదే. ఇంగ్లిష్‌కి పెట్టిన లైన్ హైట్‌నే తెలుగుకీ వదిలేశాను.

అప్పట్నుంచి తెలుగుకి లైన్ హైట్ అక్షరం సైజుకి కనీసం ఒకటిన్నర రెట్లు పెడుతున్నాం. బటన్, కార్డు లాంటి ప్రతి కాంపొనెంట్‌నీ స్త్రీ, లక్ష్మి, శ్రీకాకుళం, రాష్ట్రం అనే మాటలతో పరీక్షిస్తున్నాం. ఇవి నాలుగూ బాగా కనబడితే దాదాపు అన్నీ కనబడతాయి.

అక్షరాల లెక్క దగ్గర ఇంకో చిక్కుంది. డిజైనర్ "పేరుకి 20 అక్షరాలు చాలు" అని నోట్ రాస్తారు. శ్రీకాకుళం మన కంటికి నాలుగక్షరాలు: శ్రీ, కా, కు, ళం. కంప్యూటర్లో ప్రతి గుర్తుకీ ఒక నెంబరిచ్చే యూనికోడ్ లెక్కలో పది. స్త్రీ ఒక్కటే ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. ఆ నెంబర్లను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి మూడు బైట్లు, అంటే ఆ ఒక్క అక్షరానికి 18 బైట్లు. జావాస్క్రిప్ట్‌లో పొడవు అడిగితే ఆరు అనే చెబుతుంది. కాబట్టి లిమిట్ రాసేటప్పుడు ఏ లెక్కన అని ఇద్దరూ కలిసి తేల్చుకోవాలి. పొడవైన మాటను మధ్యలో తెంపేటప్పుడూ అంతే, ఒత్తు దగ్గర తెగితే చివర పొల్లు వేలాడుతుంది.

తెలుగులో పెద్దబడి చిన్నబడి తేడా లేదు. హెడ్డింగ్‌ని క్యాపిటల్స్‌తో వేరుచేసి చూపించిన డిజైన్ తెలుగులో చప్పబడిపోతుంది. అక్కడ సైజు, మందం, రంగుతోనే తేడా చూపించాలి. ఇటాలిక్ వద్దు, మన గుండ్రటి అక్షరాలను పక్కకి వంచితే చూడలేం. ఫాంట్ విషయంలో, ఫిగ్మాలో నోటో సాన్స్ తెలుగు పెట్టి, యాప్‌లో ఫోన్ సొంత ఫాంట్‌కి వదిలేస్తే ఎత్తులు మారిపోతాయి. అదే ఫాంట్‌ని యాప్‌తో పాటు పంపిస్తారా లేదా అనేది డెవలపర్‌తో ముందే మాట్లాడండి, యాప్ సైజు పెరుగుతుంది కాబట్టి. అంకెలకి కామాలు 1,25,000 అని మన పద్ధతిలో ఉండాలి. బటన్ల మీద గ్రాంథికం అక్కర్లేదు. "సమర్పించు" కంటే "పంపండి" అందరికీ అర్థమవుతుంది.

పిక్సెల్ పర్ఫెక్ట్ (డిజైన్‌కి చుక్కంత కూడా తేడా లేకుండా) కావాలని డిజైనర్ పట్టుబట్టడం తప్పా?

ఆ పట్టుదల వెనకున్న శ్రద్ధ తప్పు కాదు. కాకపోతే ఏ ఫోన్ మీద పర్ఫెక్ట్? ఒక ఆండ్రాయిడ్ ఫోన్ 360 డీపీ (ఆండ్రాయిడ్ స్క్రీన్ కొలత) వెడల్పు, ఇంకోటి 412. ఐఫోన్లు 375, 390, 393. స్క్రీన్‌షాట్‌ని డిజైన్ మీద పరిచి పోల్చడం ఒక్క ఫోన్‌కే పనికొస్తుంది.

నేను పట్టుబట్టేది ఖాళీల వరస కోసం. 4, 8, 12, 16, 24, 32 అని ఒక మెట్ల వరస పెట్టుకున్నాం. 16 ఉండాల్సిన చోట 24 వస్తే మాట్లాడుకుందాం. 13 వస్తే అది ఏ మెట్టూ కాదు, ఎవరో గబగబా కానిచ్చేశారని అర్థం, అప్పుడు మాత్రం వదలను.

డిజైన్ టోకెన్లు అంటున్నారు. ఐదుగురున్న టీమ్‌కి అవసరమా?

అవసరమే, కానీ చిన్నగా మొదలుపెట్టండి. టోకెన్ అంటే రంగుకి, ఖాళీకి, అక్షరం సైజుకి ఒక పేరు పెట్టి, డిజైన్‌లోనూ కోడ్‌లోనూ అదే పేరు వాడటం. ఈ మాట సేల్స్‌ఫోర్స్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీలో డిజైన్ సిస్టమ్ మీద పనిచేసినవాళ్ల దగ్గర పుట్టింది. ఇప్పుడు వెబ్ ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూ3సీలో దీనికోసం ఒక కమ్యూనిటీ గ్రూపే ఉంది.

పేరు పెట్టేటప్పుడు రంగును బట్టి పెట్టకండి, పనిని బట్టి పెట్టండి. "బ్లూ 500" అని పెడితే, రేపు క్లయింట్ బ్రాండ్ రంగు ఆకుపచ్చ చేస్తే బ్లూ అనే పేరుతో ఆకుపచ్చ మిగులుతుంది. "ప్రైమరీ బటన్ బ్యాక్‌గ్రౌండ్" అని పెడితే విలువ మారుతుంది, పేరు నిలుస్తుంది. డార్క్ మోడ్ వచ్చినప్పుడు దీని విలువ తెలుస్తుంది. పది రంగులు, ఆరు ఖాళీలు, ఐదు అక్షరం సైజులు చాలు మొదటికి.

డెవలపర్ "ఇది కుదరదు" అంటే?

ఎందుకని అడగండి, కోపంతో కాకుండా తెలుసుకోవడానికి. నేను కోడ్ రాసేటప్పుడు కుదరదు అన్న ప్రతిసారీ అర్థం ఒకటే కాదు. కొన్నిసార్లు నిజంగా ప్లాట్‌ఫాం ఒప్పుకోదు. చాలాసార్లు "ఈ స్ప్రింట్‌లో కుదరదు" అని, అంటే ఈ విడత పనిలో కుదరదని. ఇంకొన్నిసార్లు "ఇలా చేయడం నాకింకా రాదు" అని, అది పైకి చెప్పడానికి మొహమాటం. మూడింటికీ సమాధానాలు వేరు. మూడో దానికి అయితే ఇద్దరూ ఒక గంట కలిసి కూర్చుంటే అయిపోతుంది.

డిజైనర్‌కి కోడింగ్ రావాలా?

రాయడం రాకపోయినా ఫర్వాలేదు. బ్రౌజర్‌లో ఇన్‌స్పెక్ట్ (పేజీ వెనకున్న కోడ్ చూపించేది) తెరిచి ఒక మార్జిన్ (చుట్టూ ఉండే ఖాళీ) మార్చి చూడటం మాత్రం నేర్చుకోండి. ఒక మధ్యాహ్నం పని.

సగం కోడ్ అయ్యాక డిజైన్ మారితే ఎలా?

మారుతుంది, తప్పదు. చెప్పకుండా మారడమే తప్పు. డెవలపర్ చూస్తున్న పేజీలోనే డిజైనర్ నిశ్శబ్దంగా ఒక బటన్ జరిపితే, రెండు రోజుల తర్వాత టెస్టర్ తప్పుందని బగ్ వేస్తారు, ఎవరికీ ఏం జరిగిందో తెలియదు. మేము అప్పగించిన పేజీని ముట్టుకోం. కొత్త ప్రయత్నాలన్నీ వేరే పేజీలో. మార్పు ఖాయమైతే తేదీ వేసి, ఏం మారింది, ఎందుకు మారింది అని రెండు లైన్లు ఆ పని వివరాలుండే టికెట్‌లో రాస్తాం. "ఫైనల్", "ఫైనల్ 2", "నిజం ఫైనల్" అని పేజీలు పెట్టే అలవాటు ఉంటే ఈరోజే మానేయండి.

యాక్సెసిబిలిటీ (చూపు లేనివాళ్లతో సహా అందరూ వాడగలగడం) ఎవరి బాధ్యత?

ఇద్దరిదీ, కానీ మొదలయ్యేది డిజైనర్ దగ్గరే. మామూలు సైజు అక్షరాలకి, నేపథ్యానికి మధ్య కాంట్రాస్ట్ (వెలుగు తేడా) కనీసం 4.5:1 ఉండాలని డబ్ల్యూసీఏజీ అనే వెబ్ యాక్సెసిబిలిటీ మార్గదర్శకాలు చెబుతాయి. తెల్లటి నేపథ్యం మీద #999999 అనే గ్రే మన డిజైన్లలో ఎక్కడ చూసినా ఉంటుంది. దాని కాంట్రాస్ట్ 3:1 కూడా రాదు. #767676 అయితే 4.5 దాటుతుంది. నమ్మకం కుదరకపోతే మధ్యాహ్నం పన్నెండింటికి ఆర్కే బీచ్ రోడ్డు మీద నిలబడి రెండూ ఫోన్‌లో చూడండి. మొదటిది ఎండలో కనిపించదు. చేపల మార్కెట్ దగ్గరో, ఆటో స్టాండులోనో మీ యాప్ వాడేవాళ్లు రోజంతా ఆ ఎండలోనే ఉంటారు.

వేలితో నొక్కే జాగా ఆండ్రాయిడ్‌లో 48 డీపీ, ఐఫోన్‌లో 44 పాయింట్లు ఉండాలని ఆ ప్లాట్‌ఫాంలే చెబుతున్నాయి. ఐకాన్ 20 ఉన్నా, చుట్టూ నొక్కే జాగా ఎంతో ఫైల్లో గీసి చూపించండి. స్క్రీన్ మీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ చదవాల్సిన మాటలు కూడా డిజైనరే రాసివ్వాలి, లేకపోతే చూపు లేనివాళ్లకి "బటన్, బటన్, బటన్" అని వినిపిస్తుంది. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కేవైసీ కేసులో డిజిటల్ సేవలు అందుకోవడం కూడా జీవించే హక్కులో భాగమేనని తీర్పు చెప్పింది. కాబట్టి దీన్ని "టైముంటే చేద్దాం" లిస్ట్‌లో వేయకండి.

డిజైనర్ బెంగళూరులో, మేము వైజాగ్‌లో. క్లయింట్ అమెరికాలో. ఎలా?

న్యూయార్క్‌కి మనకి వేసవిలో తొమ్మిదిన్నర గంటల తేడా, చలికాలంలో పదిన్నర. అందరూ ఒకే కాల్‌లో ఉండాలనుకుంటే ఎవరో ఒకరి నిద్ర పోతుంది. డిజైనర్ స్క్రీన్ రికార్డ్ చేస్తూ ఐదు నిమిషాలు మాట్లాడి పంపడం మాకు బాగా పనిచేసింది. "ఇక్కడ నాకు అనుమానం ఉంది, మీరు చూడండి" అని గొంతులో వినబడితే డెవలపర్ జాగ్రత్త పడతారు. ప్రశ్నలు మాత్రం ఫైల్లో ఆ స్క్రీన్ మీదే కామెంట్‌గా పెట్టండి. వాట్సాప్‌లో అడిగిన ప్రశ్న, దానికొచ్చిన జవాబు వారానికి దొరకవు.

బిల్డ్ అయ్యాక (కోడ్ రాసి యాప్ తయారయ్యాక) డిజైనర్ ఎప్పుడు చూడాలి?

మొత్తం అయ్యాక చూస్తే నలభై తప్పులు ఒకేసారి కనబడతాయి, ఆ లిస్ట్ చూసి డెవలపర్‌కి గుండె జారిపోతుంది. ఒక్కో స్క్రీన్ అవగానే పది నిమిషాలు చూడండి, చవక ఆండ్రాయిడ్ ఫోన్‌లో. బాగా వచ్చినదాన్ని కూడా నోరు తెరిచి చెప్పండి. కోడ్ రాసిన ఆరేళ్లలో "యానిమేషన్ చాలా బాగా చేశావ్" అని ఒక డిజైనర్ నాతో అన్నది ఒక్కసారే, అది ఇంకా గుర్తుంది.

ఇవన్నీ చేయడానికి మా మేనేజర్ టైమ్ ఇవ్వరు.

ఇవన్నీ ఒకేసారి అడిగితే ఇవ్వరు. మేమూ ఒక్క స్క్రీన్‌తోనే మొదలుపెట్టాం. ఈ వారం కోడ్‌లోకి వెళ్లబోయే స్క్రీన్ ఒకటి తీసుకోండి. డిజైనర్, డెవలపర్, వీలైతే టెస్టర్ కూడా ఒకే ల్యాప్‌టాప్ ముందు అరగంట కూర్చోండి. కిందికెళ్లి టీ తాగుతూ చేసినా ఫర్వాలేదు. డిజైనర్ ఎందుకిలా చేశారో చెప్పాలి, డెవలపర్ ఎక్కడ పగులుతుందో చెప్పాలి. నెట్ పోతే, పేరు పొడవైతే, డబ్బు పెండింగ్‌లో ఉంటే ఏమిటో అక్కడే రాసుకోండి. లేచేముందు భాష తెలుగుకి మార్చి, పేరు డబ్బాలో "స్త్రీ" అని టైప్ చేసి చూడండి.